పసిబిడ్డకు థైరాయిడ్ మాత్ర ఎలా వేయాలి: చెంచాలో నలపడం నుంచి రిపోర్టు చదవడం దాకా

"మాత్ర రోజూ వేస్తూనే ఉన్నాం, అయినా టీఎస్‌హెచ్ దిగడం లేదు, ఎందుకు?" పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయమని మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే సంకేతం, థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు రక్తంలో ఇది పెరుగుతుంది. చాలాసార్లు తప్పు మందులోనూ ఉండదు, డోసులోనూ ఉండదు. చెంచాకీ బిడ్డ గొంతుకీ మధ్య ఉన్న జానెడు దూరంలో మందు ఎక్కడో పోతుంటుంది. లేదా మందుతో పాటే కడుపులోకి వెళ్లిన ఇంకేదో దాన్ని ఒంటికి పట్టనివ్వదు.

డాక్టరు డోసు రాసిచ్చాక ఇంట్లో ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం. డోసు ఎంతో తేల్చడం డాక్టరు పని. రాసిన డోసు పూర్తిగా, రోజూ ఒకేలా లోపలికి వెళ్లేలా చూడటం మీ పని. ఈ రెండూ కలిపేసుకోకండి.

ముందుగా తెలిసి ఉండాల్సినంత

ఈ లోపం దాదాపు 2,000 నుంచి 4,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. ఎక్కువ మందిలో థైరాయిడ్ గ్రంథి అసలు ఏర్పడకపోవడమో, చిన్నగా ఉండిపోవడమో, మెడలోకి దిగకుండా నాలుక మొదట్లోనే ఆగిపోవడమో కారణం. మిగతావారిలో గ్రంథి ఉన్నచోటే ఉంటుంది కానీ హార్మోన్ తయారు చేయలేదు. తల్లి హార్మోన్ కొంత మాయ ద్వారా అందుతుంది కాబట్టి పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. "చూడ్డానికి బాగానే ఉంది కదా, కొన్నాళ్లు ఆగి చూద్దాం" అనే మాట అందుకే ప్రమాదకరం. మొదటి మూడేళ్లు మెదడు ఎదుగుదల ఈ హార్మోన్ మీద ఆధారపడుతుంది. మొదటి రెండు వారాల్లోపే సరైన డోసుతో మందు మొదలుపెట్టాలని వైద్యులు తొందరపెట్టేది ఇందుకే.

స్కాన్ ఇంకా కాలేదని మందు ఆపాల్సిన పనిలేదు. అల్ట్రాసౌండ్‌గానీ ఐసోటోప్ స్కాన్‌గానీ కారణం తెలుసుకోవడానికే. మందు మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోపు కూడా చేయించవచ్చు, కుదరకపోతే మూడేళ్లు నిండాక చూసుకోవచ్చు.

కావలసినవి

- లీవోథైరాక్సిన్ మాత్రలు (థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్‌కు మందు రూపం), డాక్టరు రాసిన బలంలో. వచ్చిన స్ట్రిప్‌లోనో సీసాలోనో అలాగే ఉంచండి.
- రెండు స్టీల్ చెంచాలు, ఒకదాని గుంటలో ఇంకొకటి సరిగ్గా కూర్చునేవి.
- సూది లేని 2 మి.లీ. లేదా 3 మి.లీ. సిరంజి. పెద్ద సిరంజి వద్దు, దాని గోడలకే సగం పొడి అంటుకుంటుంది.
- పిండిన తల్లిపాలు, లేదా కాచి చల్లార్చిన నీళ్లు, 1 నుంచి 2 మి.లీ.
- సగం మాత్ర వేయాల్సి వస్తే మాత్రలు కోసే చిన్న పెట్టె.
- గోడ మీద ఒక క్యాలెండరు, దానికి కట్టిన పెన్ను. ఫోన్‌లో అలారం ఎలాగూ పెట్టుకుంటారు. కానీ అది మాత్ర వేయమంటుందే తప్ప, వేశారో లేదో చెప్పదు.

అంకెలు సరిచూసుకోవడం

మందు చీటీ చేతికి రాగానే మొదట చూడాల్సింది డోసు పక్కన ఉన్న కొలమానం. 25 మైక్రోగ్రాములు అన్నా 0.025 మిల్లీగ్రాములు అన్నా ఒకటే. 50 అంటే 0.05, 100 అంటే 0.1. ఒక్క సున్నా అటూ ఇటూ అయితే డోసు పదింతలు మారిపోతుంది. మాత్ర మీదా స్ట్రిప్ మీదా ఉన్న అంకెను చీటీతో పోల్చి చూశాకే ఇంటికి బయల్దేరండి.

నవజాత శిశువుకు మామూలుగా మొదలుపెట్టే డోసు రోజుకు కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. 3.2 కిలోల బిడ్డకు ఇది 32 నుంచి 48 మధ్య వస్తుంది. అందుకే చాలా చీటీల్లో 37.5 అనే అంకె కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ కిలోకు లెక్క తగ్గుతూ పోతుంది: 3 నుంచి 6 నెలల మధ్య సుమారు 8 నుంచి 10, 6 నుంచి 12 నెలల మధ్య 6 నుంచి 8, ఒకటి నుంచి ఐదేళ్ల దాకా 5 నుంచి 6. అంటే బిడ్డ బరువు రెట్టింపైనంత మాత్రాన డోసు రెట్టింపు కాదు. ఇవి కేవలం చీటీ సరిచూసుకోవడానికి. రాసిన డోసు ఈ లెక్కకు బాగా దూరంగా ఉంటే డాక్టరును అడగండి, మీరే మార్చకండి. తేడా ఉండటానికి సరైన కారణమే ఉండొచ్చు.

37.5 మాత్ర దొరకని చోట డాక్టర్లు రెండు మార్గాల్లో ఒకటి చెబుతారు: 25 మాత్ర ఒకటిన్నర వేయడం, లేదా ఒకరోజు 25, మరుసటి రోజు 50 వేయడం. ఈ హార్మోన్ ఒంట్లో రోజుల తరబడి నిలిచి ఉంటుంది, కాబట్టి రోజు మార్చి రోజు పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఇంట్లో ఒకరికి మించి మందు వేసేవాళ్లు ఉంటే మాత్రం ఈ పద్ధతే తికమక పెడుతుంది. "ఇవాళ ఏ మాత్ర?" అనే ప్రశ్న పుట్టకుండా నెల మొదట్లోనే క్యాలెండరులో ప్రతి తేదీ పక్కన 25 లేదా 50 అని రాసిపెట్టండి.

మాత్ర వేసే పద్ధతి

1. వేళ ఖాయం చేసుకోండి. పాలకు అరగంట ముందు వేయగలిగితే మంచిది. కానీ రెండు మూడు గంటలకోసారి పాలు తాగే పసికందుకు ఖాళీ కడుపు కోసం వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. రోజూ అదే వేళ, అదే పద్ధతి ఉండటం ఖాళీ కడుపుకన్నా ముఖ్యం. పాలతో పాటు వేస్తే ఎప్పుడూ పాలతో పాటే వేయండి, డాక్టరు డోసును దానికి తగ్గట్టు సర్దుతారు. ఒకరోజు ముందు, ఒకరోజు తర్వాత, ఇంకోరోజు మధ్యలో వేస్తే అంకెలు నిలకడగా రావు.

2. చేతులు కడిగి తుడుచుకోండి. చెంచాలూ పొడిగా ఉండాలి. తడి చెంచాలో మాత్ర వేస్తే ముద్దలా అతుక్కుంటుంది, మెత్తగా నలగదు.

3. మాత్రను కింది చెంచా గుంటలో వేసి, రెండో చెంచా వీపుతో మొదట నిలువుగా నొక్కండి. రెండు మూడు ముక్కలయ్యాక గుండ్రంగా తిప్పుతూ నూరండి. మొదటే తిప్పితే మాత్ర ఎగిరిపడుతుంది, కింద పడ్డ ముక్క ఎంతో ఎవరూ చెప్పలేరు. పలుకులు లేని పొడి కావాలి.

4. పై చెంచాను తిరగేసి చూడండి. దాని వీపు మీద తెల్లటి పొర కనిపిస్తుంది, అది కూడా డోసే. దాన్ని కింది చెంచాలోకి గీకి దులపండి.

5. చెంచాలో 1 మి.లీ. పాలుగానీ నీళ్లుగానీ పోసి సిరంజి మొనతో కలపండి. ఇది చక్కెరలా కరగదు. పొడి తేలుతుంది, కాసేపు వదిలేస్తే అడుగుకు దిగుతుంది. కాబట్టి కలిపిన వెంటనే సిరంజిలోకి లాగండి.

6. బిడ్డను కాస్త లేపి పట్టుకుని, సిరంజి మొనను బుగ్గ లోపలి పక్కకు ఆనించి కొద్దికొద్దిగా వదలండి. గొంతులోకి సూటిగా చిమ్మితే పొరబోతుంది. ప్రతి చుక్కకూ మింగిందో లేదో చూసి తర్వాతది వదలండి.

7. ఇప్పుడు సిరంజిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. గోడల మీద తెల్లటి చుక్కలు, మొన దగ్గర చిన్న గడ్డ కనిపిస్తాయి. చెంచా అంచు చుట్టూ కూడా ఒక తెల్లని గీత మిగులుతుంది. ఇంకో 1 మి.లీ. పాలు చెంచాలో పోసి అంచులన్నీ కడిగి, అదే సిరంజిలోకి లాగి, రెండుసార్లు తిప్పి అది కూడా పట్టేయండి. ఎక్కువ మంది వదిలేసే మెట్టు ఇదే.

8. వేసిన మరుక్షణం క్యాలెండరులో టిక్కు పెట్టండి. "తర్వాత పెడదాం" అనుకుంటే మధ్యాహ్నానికి మీకే అనుమానం వస్తుంది.

సిరంజి ఒప్పుకోని బిడ్డకు: కలిపిన మందును శుభ్రమైన వేలి కొసతో తీసి చప్పరించనివ్వచ్చు, లేదా చిన్న చెంచాతో తాగించవచ్చు. ఘనాహారం మొదలుపెట్టిన బిడ్డకు ఒక్క చెంచా మెత్తటి ఆహారంలో కలిపి, ఆ చెంచా ముందుగా తినిపించండి. గిన్నెడు ఆహారంలో కలపకండి. ఏడాది నిండని బిడ్డకు తేనెలో కలపకండి, ఆ వయసులో తేనెతో బొటులిజం (క్రిమి విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు) ప్రమాదం ఉంది.

ద్రవ రూపంలో మందు దొరికే చోట అది వాడవచ్చు. అయితే సీసా మీద 5 మి.లీ.లో ఎన్ని మైక్రోగ్రాములో చదవండి. ఒకే మందు వేర్వేరు గాఢతల్లో వస్తుంది, కొత్త సీసా పాత సీసాలాగే ఉంటుందనుకోవద్దు. మాత్ర నుంచి ద్రవానికి, ద్రవం నుంచి మాత్రకు మారినప్పుడల్లా రక్తపరీక్ష మళ్లీ అవసరం. మాత్రలు నూరి సీసాలో కలిపి ఇచ్చే ద్రావణాలు మాత్రం నమ్మదగ్గవి కావు, మందు అందులో సమంగా పరుచుకోదు.

వాంతి, మరపు, రెండుసార్లు పడటం

మందు వేసిన 30 నిమిషాల లోపు వాంతి చేసుకుంటే మళ్లీ ఒక డోసు వేయండి. 30 నిమిషాలు దాటాక అయితే వదిలేయండి. పాలు తాగాక మూతి పక్కన కాస్త పెరుగులా కారడం వాంతి కాదు, దానికి మళ్లీ వేయనక్కర్లేదు.

పొద్దున మరిచిపోయి సాయంత్రం గుర్తొస్తే అప్పుడే వేయండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు డోసు మామూలుగా వేయండి. రెండూ కలిపి వేయాలా వద్దా అనేది మీ డాక్టరు ముందే చెప్పి ఉంటే తప్ప మీ అంతట మీరు రెట్టింపు చేయకండి. ఒక్కరోజు తప్పితే బిడ్డకు ఏమీ కాదు. వారానికి రెండు రోజులు తప్పడం అలవాటైతే మాత్రం అవుతుంది.

అమ్మ వేసింది, తెలియక నాన్న మళ్లీ వేశాడు. ఒక్క అదనపు డోసుతో సాధారణంగా ప్రమాదం ఉండదు. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పి, మర్నాటి నుంచి మామూలుగా కొనసాగించండి. ఇంట్లో ఇంకో పిల్లాడు స్ట్రిప్ చేతికి దొరికి చాలా మాత్రలు మింగేస్తే అది వేరే సంగతి: హుషారుగానే ఉన్నాడని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ మందు అతి ప్రభావం కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడవచ్చు.

మందు పట్టకుండా చేసేవి

ఇనుము చుక్కలు, కాల్షియం సిరప్‌లు, అల్యూమినియం లేదా మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌లు థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి. వీటికీ మాత్రకూ మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. మాత్ర పొద్దున, ఇనుము సాయంత్రం అని పెట్టుకుంటే సరిపోతుంది. కడుపు ఉబ్బరానికి వేసే సిమెథికోన్ చుక్కలను మందుగానే లెక్కపెట్టరు చాలామంది. వాటికీ ఇదే ఎడం పాటించండి. కాల్షియం లేని విటమిన్ డి చుక్కలతో ఇబ్బంది లేదు, కానీ కొన్ని మల్టీవిటమిన్లలో ఇనుము కలిసి ఉంటుంది, లేబుల్ చూడండి.

సోయా ఆధారిత డబ్బాపాలు కూడా మందు పట్టడాన్ని తగ్గిస్తాయి. అవి తప్పనిసరైతే తాగించవచ్చు, డోసు పెంచాల్సి రావచ్చు. ముప్పు అంతా చెప్పకుండా మార్చడంలో ఉంది. సోయా మొదలుపెట్టినా ఆపినా డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష ముందుకు జరపండి. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్, ఫెనిటోయిన్, కార్బమజెపిన్ లాంటి మందులు మొదలుపెట్టినప్పుడూ అంతే, థైరాక్సిన్ అవసరం పెరుగుతుంది.

టీకాలకూ ఈ మాత్రకూ సంబంధం లేదు. జ్వరం వచ్చినా, జలుబు చేసినా మాత్ర ఆపకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

పాలసీసా నిండా పాలు పోసి అందులో మాత్ర వేయడం. బిడ్డ 90 మి.లీ.లో 60 తాగి నిద్రపోతే మూడోవంతు డోసు సీసాలోనే మిగిలిపోతుంది. నిజానికి అంతకన్నా ఎక్కువే మిగులుతుంది, పొడి అడుగుకు దిగి సీసా పాలపీకలో ఇరుక్కుంటుంది కాబట్టి.

వారానికి సరిపడా మాత్రలు ఒకేసారి నూరి డబ్బాలో పెట్టుకోవడం. రోజూ తీసే చిటికెడు ఎప్పుడూ ఒకేలా ఉండదు. పైగా గాలి, వెలుతురు, తేమ తగిలి మందు బలం తగ్గుతుంది. నీళ్లలో కలిపి రేపటికి దాచడం ఇంకా అన్యాయం. కలిపింది అప్పుడే వేయాలి.

స్ట్రిప్‌ను వంటింట్లో పొయ్యి పక్కనో, ఎండ పడే కిటికీలోనో పెట్టడం. 25 డిగ్రీల లోపు, పొడిగా, చీకటిగా ఉన్న చోట పెట్టండి.

కంపెనీ మారినా పట్టించుకోకపోవడం. దుకాణంలో "ఇది కూడా అదే" అని వేరే కంపెనీది ఇస్తారు. అంకె ఒకటే అయినా శరీరానికి అందే మోతాదులో చిన్న తేడా ఉండొచ్చు. పెద్దవాళ్లకు అది పెద్ద సంగతి కాకపోవచ్చు, మొదటి ఏడాదిలో ఉన్న బిడ్డకు అవుతుంది. ఒకే కంపెనీకి కట్టుబడండి. మార్చక తప్పకపోతే డాక్టరుకు చెప్పి 4 నుంచి 6 వారాల్లో పరీక్ష చేయించండి.

ఇక అన్నింటికన్నా ఖరీదైన తప్పు, రిపోర్టు నార్మల్ వచ్చిందని మందు ఆపేయడం. నార్మల్ వచ్చింది మందు వేస్తున్నందువల్లే.

రక్తపరీక్ష ఎప్పుడు, ఎలా

మందు మొదలుపెట్టాక ఒకటి రెండు వారాలకు మొదటి పరీక్ష. టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చేదాకా రెండు వారాలకోసారి. ఆ తర్వాత ఏడాది నిండేదాకా ఒకటి నుంచి మూడు నెలలకోసారి, మూడేళ్ల దాకా సుమారు మూడు నాలుగు నెలలకోసారి. డోసు మార్చిన ప్రతిసారీ 4 నుంచి 6 వారాలకు, చిన్నబిడ్డల్లో ఇంకా ముందే.

పరీక్షరోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేయండి, లేదా వేశాక కనీసం 4 గంటలు ఆగి ఇవ్వండి. మాత్ర పడిన కొద్దిసేపటికి ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్) తాత్కాలికంగా పైకి వెళ్తుంది. వీలైనంతవరకు ఒకే ల్యాబ్ మంచిది. బయోటిన్ ఉన్న విటమిన్లు వాడుతుంటే రక్తం తీసేవారికి చెప్పండి, కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. లేదంటే చాలా ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా, ఉన్న లోపం లేనట్టు కనిపిస్తాయి. డాక్టరు చికిత్స కోసమే బయోటిన్ రాసి ఉంటే అడగకుండా ఆపకండి.

అడగాల్సిన పరీక్షలు రెండే: టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. ఈ బిడ్డల ఫాలో అప్‌కు టీ3 (ఇంకో థైరాయిడ్ హార్మోన్) వల్ల ఒరిగేదేమీ లేదు.

రిపోర్టు చదవడం

మొదట పక్కన అచ్చయిన నార్మల్ రేంజ్ ఏ వయసుదో చూడండి. చాలా ల్యాబ్‌లు పెద్దవాళ్ల రేంజే ముద్రిస్తాయి. పసిబిడ్డల ఫ్రీ టీ4 సహజంగానే పెద్దవాళ్లకన్నా ఎక్కువ. అందుకే పెద్దవాళ్ల రేంజ్ ప్రకారం "హై" అని పడ్డా బిడ్డకు అది సరిగ్గా ఉండాల్సిన చోటే ఉండొచ్చు. తర్వాత కొలమానం చూడండి. ఒక ల్యాబ్ డెసిలీటరుకు నానోగ్రాముల్లో, ఇంకొకటి లీటరుకు పికోమోల్స్‌లో ఇస్తుంది. మొదటిదాన్ని 12.87తో గుణిస్తే రెండోది వస్తుంది: 1.5 అంటే సుమారు 19.3. పోయినసారి 1.5, ఈసారి 19 అని గుండె బాదుకునే ముందు ఈ లెక్క వేసుకోండి.

లక్ష్యం ఇది: ఫ్రీ టీ4 ఆ వయసు రేంజ్‌లో పై సగంలో ఉండాలి, టీఎస్‌హెచ్ రేంజ్ లోపల ఉండాలి. ఫ్రీ టీ4 సాధారణంగా రెండు వారాల్లోపు పెరుగుతుంది. టీఎస్‌హెచ్ దిగడానికి నెల దాకా పడుతుంది, కొందరిలో ఇంకా ఆలస్యం.

- టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ: డోసు చాలడం లేదు, లేదా పూర్తిగా లోపలికి పోవడం లేదు. డోసు పెంచమని అడిగే ముందు పైన చెప్పిన 4, 7 మెట్లు, ఇనుము చుక్కల వేళ సరిచూసుకుని డాక్టరుకు చెప్పండి.
- టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 నార్మల్ లేదా ఎక్కువ: మొదటి వారాల్లో అయితే ఆగి చూడాల్సిందే. ఆ తర్వాత అయితే, మధ్యలో డోసులు తప్పి, పరీక్ష దగ్గర పడ్డాక వరసగా వేసినప్పుడు కనిపించే ముద్ర ఇది. డాక్టరు అడిగితే దాచకండి. దాస్తే లేని అవసరానికి డోసు పెరుగుతుంది.
- టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ: డోసు ఎక్కువైంది. టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉండి, ఒక్కసారి ఫ్రీ టీ4 కాస్త పైన వచ్చినంత మాత్రాన సాధారణంగా వెంటనే తగ్గించరు.
- రెండూ తక్కువ: పిట్యూటరీ నుంచి సంకేతం రాని అరుదైన రకం కావచ్చు. ఈ పిల్లల్లో టీఎస్‌హెచ్ చూసి డోసు నిర్ణయించకూడదు, మందు మొదలుపెట్టే ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) కూడా చూడాలి.

రిపోర్టు లేకుండానే కనిపించేవి

డోసు తక్కువైతే: బిడ్డ ఎక్కువసేపు నిద్రపోతుంది, పాలకు లేపాల్సి వస్తుంది, విరేచనం గట్టిపడుతుంది, చేతులు కాళ్లు చల్లగా ఉంటాయి, ఏడుపు బొంగురుగా వస్తుంది. ఎక్కువైతే: నిద్ర పట్టదు, ఊరికే ఉలిక్కిపడుతుంది, చెమట, విరేచనాలు, బాగా తాగుతున్నా బరువు పెరగకపోవడం, గుండె దడదడ. ఎక్కువ డోసు చాలాకాలం సాగితే పుర్రె అతుకులు త్వరగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రతిసారీ తల చుట్టుకొలత తీయించండి. బరువు, పొడుగు, తల కొలత మూడూ ఒకే పుస్తకంలో తేదీతో రాసుకోండి. వినికిడి పరీక్ష తప్పక చేయించండి, ఈ పిల్లల్లో వినికిడి లోపం మిగతావారికన్నా ఎక్కువ. మాటలు ఆలస్యమైతే థైరాయిడ్ మీదకే నెట్టేయకుండా చెవులు మళ్లీ చూపించండి.

స్క్రీనింగ్ నార్మల్ వచ్చినా మళ్లీ అడగాల్సినవాళ్లు

స్క్రీనింగ్, అంటే లోపాన్ని ముందే పట్టే పరీక్ష కోసం మడమ దగ్గర గుచ్చి తీసే రక్తం పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య తీస్తే మంచిది. పుట్టగానే టీఎస్‌హెచ్ సహజంగా ఎగబాకుతుంది, మరీ తొందరగా తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. నెలలు నిండకుండా పుట్టినవారు, బాగా తక్కువ బరువుతో పుట్టినవారు, ఒకే లింగపు కవలలు, పరీక్షకు ముందే రక్తం ఎక్కించినవారు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు: వీళ్లకు మొదటి రిపోర్టు ఒక్కటే చాలదు, రెండో పరీక్ష అడగండి. నెలలు నిండని బిడ్డల్లో టీఎస్‌హెచ్ కొన్ని వారాలు ఆలస్యంగా పెరగవచ్చు. కవలల్లో కడుపులోనే రక్తం కలిసి, ఒకరి హార్మోన్ ఇంకొకరి లోపాన్ని కప్పేయవచ్చు.

స్క్రీనింగ్ నార్మలే వచ్చినా, కామెర్లు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, నాలుక పెద్దదై బయటికి వస్తుంటే, వెనక మాడు వెడల్పుగా ఉంటే, బొడ్డు ఉబ్బితే సిర నుంచి రక్తం తీసి పరీక్ష చేయమనండి. తల్లికి గ్రేవ్స్ జబ్బు (థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే జబ్బు) ఉంటే, లేదా గతంలో ఉండి చికిత్స అయినా, కాన్పుకు ముందే పిల్లల డాక్టరుకు చెప్పాలి. కొందరు బిడ్డలకు మొదటి రెండు వారాల్లో హార్మోన్ ఎక్కువైపోతుంది, అది అత్యవసరం.

పెద్ద పిల్లల గురించి

బడికెళ్లే వయసులో వచ్చే లోపం ఎక్కువగా హాషిమోటో రకం, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసేది. దాని మొదటి గుర్తు లావెక్కడం కాదు, పొడుగు ఆగిపోవడం. నాలుగేళ్ల నుంచి యుక్తవయసు దాకా ఏడాదికి సుమారు 5 సెం.మీ. పెరగాలి, అంతకన్నా తక్కువైతే పరీక్ష అడగండి. ఊబకాయం ఉన్న పిల్లల్లో ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉండి టీఎస్‌హెచ్ 5 నుంచి 10 మధ్య రావడం మామూలే. చాలాసార్లు అది బరువు వల్ల వచ్చిన మార్పే, బరువుకు కారణం కాదు. బరువు తగ్గించడానికి థైరాయిడ్ మాత్ర అడగకండి.

హార్మోన్ ఎక్కువై కార్బిమజోల్ లేదా మెథిమజోల్ వాడుతున్న పిల్లలకు ఒక్క నియమం తలుపు మీద రాసి అంటించండి: జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే ఆ డోసు ఆపి, అదే రోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించి డాక్టరుకు చూపించాలి.

పారాథైరాయిడ్‌ను పేరు చూసి థైరాయిడ్‌తో కలపకండి. థైరాయిడ్ వెనక అంటుకుని ఉండే, మామూలుగా నాలుగు ఉండే ఆ చిన్న గ్రంథులు చూసుకునేది కాల్షియాన్ని. అవి సరిగా పనిచేయకపోతే బిడ్డకు ఫిట్స్, చేతివేళ్లు బిగుసుకుపోవడం, మూతి చుట్టూ తిమ్మిరి వస్తాయి. దానికి మందు కాల్షియం, కాల్సిట్రియాల్ (విటమిన్ డి పనిచేసే రూపం). ఒకే బిడ్డకు రెండు జబ్బులూ ఉంటే రోజుకు రెండు మూడుసార్లు కాల్షియం వేయాలి కాబట్టి 4 గంటల ఎడం కుదరడం కష్టమే. అలాంటప్పుడు రాత్రి చివరి కాల్షియానికీ పొద్దుటి మొదటి కాల్షియానికీ మధ్య తెల్లవారుజామున మాత్రకు చోటు వెతకండి. కాల్షియం డోసు మాత్రం మాత్ర కోసం మానేయకండి.

మూడేళ్లు నిండాక

అప్పటిదాకా గ్రంథి లేదని స్కాన్‌లో ఖాయం కాని పిల్లల్లో, డాక్టరు మందు తగ్గించో, సుమారు 4 వారాలు ఆపో మళ్లీ పరీక్షిస్తారు. టీఎస్‌హెచ్ పెరిగితే మందు జీవితాంతం. పెరగకపోతే లోపం తాత్కాలికమని తేలినట్టే, అయినా కొంతకాలం పరీక్షలు కొనసాగుతాయి. ఆపే ముందు డాక్టరును మూడు విషయాలు అడిగి రాసుకోండి: మందు ఏ తేదీన ఆపాలి, రక్తం ఏ తేదీన ఇవ్వాలి, రిపోర్టు వచ్చేదాకా మందు మళ్లీ మొదలుపెట్టాలా వద్దా. మూడో ప్రశ్న అడగని ఇళ్లలో నాలుగు వారాల విరామం నాలుగు నెలలవుతుంది.